పదే పదే ఆగిపోయే ఇంటి కారు: బాగు చేయించుకోవాలా, వదిలించుకోవాలా?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి గుంటూరు వెళ్తున్నాం. సూర్యాపేట దాటి పది కిలోమీటర్లు పోయామో లేదో టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చేసింది. ఏసీ ఆపి బండి పక్కకు తీసేసరికే బానెట్ సందుల్లోంచి ఆవిరి, దాంతోపాటు కూలెంట్ తాలూకు తియ్యటి వాసన. రాత్రి పదకొండున్నర. వెనక సీట్లో మా అత్తగారు, ఆవిడ ఒళ్ళో తలపెట్టి నిద్రపోతున్న పిల్లలు. పండక్కి ఊళ్ళకు పోయే బండ్లు రోడ్డు అదిరేలా పక్క నుంచి పోతూనే ఉన్నాయి. టోయింగ్ బండి వచ్చేసరికి రెండు దాటింది. మర్నాడు షెడ్డులో మెకానిక్ ఇంజిన్ ఆయిల్ మూత విప్పి నా చేతికిచ్చాడు. లోపలి వైపంతా చిలికిన మజ్జిగలాంటి నురగ. "ఆయిల్లో నీళ్ళు కలిసినయి సార్, హెడ్ గాస్కెట్ పోయింది" అన్నాడు. ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు అది.

అది తొమ్మిదేళ్ళ డీజిల్ కారు, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఆ బిల్లు 38,000 రూపాయలు. మే నెలలో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో పోయింది, 46,000. దసరా ముందు ఇంజిన్ ఆపిన ప్రతిసారీ కింద నుంచి గలగల శబ్దం రావడం మొదలైంది. క్లచ్‌తో పాటు, ఇంజిన్ కుదుపును తగ్గించే బరువైన చక్రం, డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ కూడా మార్చాలని 52,000 అంచనా ఇచ్చారు. పది నెలల్లో ఖర్చు తడిసి మోపెడైంది. ప్రతిసారీ ఇంట్లో అదే చర్చ. ఇంత పెట్టాక ఇప్పుడు అమ్మడమేంటని ఒకరు, ఈ డబ్బుతో కొత్త బండి ఈఎంఐ కట్టుకోవచ్చని ఇంకొకరు. ఆ రెండు లెక్కలూ తప్పేనని ఆ ఏడాది చివరికి గానీ నాకు అర్థం కాలేదు. మీ ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తుంటే, ఉన్న దారులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: బిల్లు మీద అంకె చూసి తేల్చకండి, ఆ భాగం ఎందుకు పోయిందో తెలుసుకుని తేల్చండి.

ముందు ఏం పోయిందో, ఎందుకు పోయిందో

కొన్ని భాగాలు అరగడానికే ఉంటాయి. క్లచ్ ప్లేటు, షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ బుష్‌లు, బ్యాటరీ, సెల్ఫ్ మోటార్, డైనమో, రేడియేటర్ లాంటివి లక్ష కిలోమీటర్ల దగ్గరికొచ్చేసరికి ఏ బండిలోనైనా ఒక్కొక్కటిగా పలకరిస్తాయి. వరసగా రెండు మూడు వచ్చాయని బండి చెడిపోయిందనుకుని అమ్మేస్తే, దాని బదులు కొన్న సెకండ్ హ్యాండ్ బండిలోనూ అవే పనులు మీ కోసం ఎదురుచూస్తుంటాయి. ఈ రకం ఖర్చుకు భయపడనక్కర్లేదు, చేయించుకోండి.

రెండో రకం పెద్దవి, కానీ కారణం పట్టుకుంటే అక్కడితో ఆగుతాయి. మా హెడ్ గాస్కెట్ అలాంటిదే, కానీ ఆ కారణాన్ని ఎవరూ పట్టుకోలేదు, నేనూ అడగలేదు. గాస్కెట్ దానంతటది ఊరికే పోదు. ఇంజిన్ వేడెక్కితే సిలిండర్ హెడ్ వంగుతుంది, మధ్యలో నలిగిన గాస్కెట్ వదిలేస్తుంది. మరి ఇంజిన్ ఎందుకు వేడెక్కింది? రేడియేటర్ పూడుకుపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు, వాటర్ పంప్ కారుతుండొచ్చు, ఫ్యాన్ తిరగకపోయి ఉండొచ్చు. మా బండిలో ఫ్యాన్ రెండో స్పీడు పనిచేయడం లేదని మే నెలలో ఇంకో మెకానిక్ చెబితే తెలిసింది. హెడ్ విప్పినప్పుడు లేత్ షాపుకు పంపి వంగిందో లేదో, పగులుందో లేదో చూపించాలి, అవసరమైతే ఫేసింగ్ చేయించాలి, అంటే చదును చేయించాలి. ఆ రసీదు మెకానిక్‌ని అడిగి తీసుకోండి.

ఇంకో మాట. కూలెంట్ కలిసిన ఆయిల్ ఇంజిన్ లోపల ప్రతి సందులోకీ వెళ్తుంది. టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, దాని ఇరుసును నిలబెట్టేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ చెడితే ముందు దెబ్బతినేది అదే. గాస్కెట్ మార్చాక ఆయిల్ మార్గాలన్నీ ఫ్లష్ చేసి, అయిదారు వందల కిలోమీటర్లకే మళ్ళీ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మాకు మార్చింది ఒక్కసారే. నాలుగు నెలలకు టర్బో ఈల వేయడం మొదలుపెట్టింది, సైలెన్సర్ నుంచి నీలం పొగ. టర్బోకి కట్టిన 46,000 జనవరి పని సగంలో వదిలేసినందుకు కట్టిందే. ఇంట్లో మాత్రం రెండూ వేర్వేరు రోగాలనుకుని "ఈ బండి ఇక పనికిరాదు" అనేశాం.

ఇంజిన్ వాల్వులను సరైన సమయానికి తెరిచి మూసే టైమింగ్ బెల్టు కూడా ఈ రెండో రకంలోకే వస్తుంది. కొన్ని ఇంజిన్లకు చెయిన్ ఉంటుంది, కొన్నిటికి రబ్బరు బెల్టు. బెల్టు తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వచ్చి వాల్వులను కొడతాయి, వాల్వులు వంగిపోతాయి, ఇంజిన్ విప్పాల్సిందే. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లకు, లేదా అన్నేళ్ళకు, ఏది ముందైతే అప్పుడు బెల్టు, దాన్ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ మార్చేస్తే ఆ ముప్పు ఉండదు. వాటర్ పంప్ కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంటే అదీ అప్పుడే మార్చుకోండి, రెండోసారి విప్పే కూలీ మిగులుతుంది.

మూడో రకానికి అంతు కనిపించదు. ఒకటికి మూడుసార్లు వేడెక్కిన ఇంజిన్, అడుగు నుంచి టకటకమని కొట్టుకునే ఇంజిన్, ఆయిల్ ప్రెషర్ పడిపోతున్న ఇంజిన్ ఇందులోకి వస్తాయి. వరద నీళ్ళలో మునిగిన బండి సంగతి మరీ కష్టం. ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటరు, వైరింగ్ సాకెట్లు లోపల్లోపల తుప్పు పడుతూ నెలకో కొత్త లైటు వెలిగిస్తాయి. రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్రై డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్‌లో, దాన్ని నడిపించే మెకట్రానిక్స్ యూనిట్ పోయినా అంతే. దాన్ని విప్పి బాగుచేయగల చేతులు తక్కువ, మొత్తం యూనిట్ మార్చమంటారు. ఈ మూడో రకం అని తేలితే నా సలహా అమ్మకం వైపే.

ఏ రకమో తేల్చడానికి కంప్రెషన్ టెస్టు, కూలింగ్ సిస్టం ప్రెషర్ టెస్టు, స్కానర్ పెట్టి కోడ్లు చదివించడం, కామన్ రైల్ డీజిల్ అయితే ఇంజెక్టర్ల రిటర్న్, అంటే వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్ ఎంతో చూపించడం ఉన్నాయి. పని చేయబోయే షెడ్డులో కాకుండా వేరేచోట చేయిస్తే మాట నిఖార్సుగా ఉంటుంది. వేలల్లో పోయే ఈ పరీక్షలు లక్షల్లో పోయే నిర్ణయానికి ముందు తప్పనిసరి అంటాను.

బాగు చేయిస్తే: కంపెనీ సర్వీసా, బయట షెడ్డా

కంపెనీ సర్వీస్ సెంటర్లో భాగాలు బాగుచేయరు, మారుస్తారు. టర్బో పోతే టర్బో మొత్తం, ఇంజెక్టర్ పోతే ఇంజెక్టర్ మొత్తం. ఒరిజినల్ పార్టు, జీఎస్టీ బిల్లు, పనికి కొన్ని నెలల వారంటీ ఉంటాయి, రేపు అమ్మేటప్పుడు సర్వీస్ హిస్టరీ కనిపిస్తుంది. వారంటీలో ఉన్న బండికి, సాఫ్ట్‌వేర్‌తో ముడిపడ్డ పనికి, ఎయిర్‌బ్యాగులకు, ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు అక్కడికే వెళ్ళండి.

బయట మంచి షెడ్డులో టర్బో లోపలి కోర్ మాత్రమే మార్చి బయటి గుల్ల అలాగే ఉంచుతారు. ఇంజెక్టర్లను డీజిల్ పంపుల రిపేరు చేసే షాపుకు పంపి టెస్ట్ బెంచ్ మీద పెట్టించి తెస్తారు. మా టర్బోకి కంపెనీ సర్వీస్ అంచనా లక్ష దాటితే బయట 46,000కు అయింది, ఆ పని బాగానే చేశారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒకే వీధిలో లేత్, రేడియేటర్, పంపు, ఎలక్ట్రికల్ పనివాళ్ళు దొరుకుతారు కాబట్టి ఊళ్ళో వారం పట్టే పని అక్కడ రెండు రోజుల్లో తెమిలిపోతుంది. కాకపోతే దగ్గరుండి చూసుకోవాలి. పార్టు డబ్బా మీద ఎమ్మార్పీ స్టిక్కరు చూడండి, పాత పార్టు తిరిగి ఇవ్వమని ముందే చెప్పండి. పాత పార్టు చేతికొస్తే అది నిజంగా మార్చారా లేదా అన్న అనుమానమూ ఉండదు, ఇంకొకరికి చూపించి ఎందుకు పోయిందో అడగనూ వచ్చు.

తుక్కు బండ్ల నుంచి తీసిన ఇంజిన్ వేసేద్దామని కూడా అంటారు. చవకే. కానీ ఇంజిన్ నంబరు మారితే ఆర్టీఏలో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అది చేయకపోతే రేపు అమ్మకం ఆగిపోతుంది, బీమా క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. ఆ ఇంజిన్ ఏ బండిదో కాగితాలు చూపించలేకపోతే వద్దని చెప్పేయండి.

కంపెనీయే దేశంలో లేకపోతే? జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇక్కడ షెవర్లే అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021 సెప్టెంబరులో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. అలాంటి బండి ఉన్నవాళ్ళు ఇంజిన్ భాగాలకంటే ముందు లైట్లు, బంపర్లు, అద్దాలు, సెన్సర్లు దొరుకుతాయో లేదో వాకబు చేయాలి. దీనికి తిరగేసిన ఉదాహరణ ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్. ఫియట్ కార్లు మార్కెట్లోంచి పోయినా అదే ఇంజిన్ స్విఫ్ట్‌లో, ఇండికా విస్టాలో కూడా ఉండటంతో దాని పని తెలిసిన మెకానిక్ చిన్న ఊళ్ళల్లో కూడా దొరుకుతాడు. బండి ఉంచుకోవాలా వద్దా అన్నదానికి ఇది చాలా బరువైన కారణం.

బీమా ఇస్తుందేమోనని చాలామంది ఆశపడతారు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీ ప్రమాదాలకూ దొంగతనానికీ వరదకూ గానీ, అరుగుదలకూ దానంతటది వచ్చిన మెకానికల్ ఫెయిల్యూర్‌కూ ఇవ్వదు. వేడెక్కిందని తెలిసీ బండి నడిపితే వచ్చిన నష్టం మన నెత్తినే. ఎక్స్‌టెండెడ్ వారంటీ దీనికి అసలైన రక్షణ, కానీ దాన్ని సాధారణంగా మొదటి వారంటీ అయిపోకముందే కొనుక్కోవాలి.

ఈఎంఐతో పోల్చేటప్పుడు

"ఈ రిపేరు డబ్బుతో ఈఎంఐ కట్టుకోవచ్చు" అన్న మాటను కాగితం మీద పెట్టి చూద్దాం. 7 లక్షల లోను, 9.5 శాతం వడ్డీ, అయిదేళ్ళు. నెలకు దాదాపు 14,700 రూపాయలు. అయిదేళ్ళలో ఒక్క వడ్డీయే 1,82,000 దాకా పోతుంది. డౌన్ పేమెంటు, లైఫ్ ట్యాక్స్, కొత్త బండి బీమా వేరే.

అంటే 52,000 రిపేరు బిల్లు మూడున్నర నెలల ఈఎంఐకి సమానం. ఆ రిపేరు చేయించాక బండి ఏడాదిపాటు పెద్ద ఖర్చు లేకుండా తిరిగితే చాలు, రిపేరే బాగా చవక. కాబట్టి "బిల్లు ఎక్కువా?" అని అడిగే బదులు "ఈ బిల్లు కడితే నాకు ఎన్ని నెలలు నిశ్చింతగా దొరుకుతాయి?" అని అడగండి. మొదటి రకం, రెండో రకం రిపేర్లకు ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మూడో రకానికి ఏ మెకానికూ ధైర్యంగా చెప్పలేడు, ఆ చెప్పలేకపోవడమే మీకు జవాబు.

"ఇంత పెట్టాం కదా" అన్న మాట మాత్రం లెక్కలోంచి పూర్తిగా తీసేయండి. ఇప్పటిదాకా పెట్టిన డబ్బు ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. కొనేవాడు మీ టర్బో బిల్లు చూసి 46,000 ఎక్కువ ఇవ్వడు.

నేను పెట్టుకున్న గీతలు చెబుతాను. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పెద్ద భాగాలు ఏడాదిలోపు పోతే అమ్మకం గురించి ఆలోచిస్తాను. ఒక్క అంచనాయే బండి బాగున్నప్పటి మార్కెట్ ధరలో సగం దాటితే ఇక ఆలోచన కూడా అక్కర్లేదు. ఇవి కాక ఇంకొకటి, డబ్బుతో కొలవలేనిది. ఆ సంక్రాంతి తర్వాత మా ఆవిడ రాత్రి ప్రయాణం అంటే ఒప్పుకోలేదు. మా నాన్నగారికి డయాలసిస్ మొదలయ్యాక వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అలాంటి ఇంట్లో బండి స్టార్టవుతుందో లేదో అన్న టెన్షన్‌కు ఒక విలువ కట్టాల్సిందే. ఇంట్లో ముసలివాళ్ళూ రోగులూ లేని, వారాంతాల్లో మాత్రమే కారు తీసే కుటుంబం ఇంకాస్త ఓపిక పట్టవచ్చు.

అమ్మేస్తే

నేరుగా ఇంకో మనిషికి అమ్మితే ధర ఎక్కువ వస్తుంది, తిరుగుడూ ఎక్కువే. పాత బండ్లు కొనే పెద్ద కంపెనీలు తక్కువిస్తాయి కానీ రెండు మూడు రోజుల్లో డబ్బు పడుతుంది, కాగితాల పని వాళ్ళే చూసుకుంటారు. కొత్త బండి షోరూంలో ఎక్స్ఛేంజ్ అంటే ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. ఎక్స్ఛేంజ్ బోనస్ కలిపి ఆకర్షణీయంగా చెబుతారు, కొత్త బండి మీద డిస్కౌంటు విడిగా, పాత బండి ధర విడిగా రాసి ఇవ్వమనండి. అప్పుడే అసలు అంకె కనిపిస్తుంది. వ్యక్తిగా మీ సొంత కారు అమ్ముకుంటే మీకు జీఎస్టీ ఉండదు. పాత బండ్ల మీద 18 శాతం అన్నది వ్యాపారుల లాభం మీద.

పెద్ద లోపం ఉన్న బండిని బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? చిన్న లోపాలైతే బాగుచేసి అమ్మండి. పెద్దవైతే ఉన్నదున్నట్టు అమ్మడమే మేలు. మా ఫ్లైవీల్ సంగతి అలాగే చేశాం. బాగున్న ఇలాంటి బండి మా ఏరియాలో 2,90,000 పలుకుతుంటే, లోపం చెప్పి, అంచనా కాగితం చూపించి 2,50,000కు ఇచ్చాం. కొన్నతను సొంత షెడ్డున్న మెకానిక్. 52,000 పని అతని చేతిలో చాలా తక్కువకే అయిపోతుంది. ఇద్దరికీ కుదిరింది. దాచిపెట్టి ఇంకో కుటుంబానికి అంటగట్టి, వాళ్ళ పిల్లలు ఏ రోడ్డు పక్కనో రాత్రంతా కూర్చునే పని మాత్రం చేయకండి. మేం కూర్చున్నాం కాబట్టి చెబుతున్నాను.

కాగితాల దగ్గర నిర్లక్ష్యం పనికిరాదు. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, డెలివరీ నోటు మీద తేదీ, టైము వేసి, కొన్నవారి ఆధార్ కాపీ తీసుకోండి. లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి ఆ లోను తీయించే ఫారం 35 కావాలి. ఫాస్టాగ్ మూసేయండి, చలాన్లు చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఆర్‌సీ నిజంగా వాళ్ళ పేరుకు మారేదాకా వదలకపోవడం. ఆర్‌సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. బండి చేతులు మారి ఏళ్ళయినా మీ పేరే ఉంటే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మీది. గరిష్ఠంగా 50 శాతం దాకా ఉంటుంది. అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి దాని ఉత్తరం తీసుకుంటే మూడేళ్ళలోపు కొనే బండికి వాడుకోవచ్చు. చాలామంది దీన్ని ఊరికే వదిలేసుకుంటున్నారు.

బండికి పదిహేనేళ్ళు దగ్గరపడుతుంటే లెక్క మారుతుంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిదేళ్ళకోసారి, ఫిట్‌నెస్ చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. ఇంజిన్ పని కూడా మీద పడితే, గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోవడం నయం. 2021 ఆగస్టులో వచ్చిన స్క్రాపేజ్ పాలసీ కింద ఆ సర్టిఫికెట్‌తో కొత్త సొంత వాహనం రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీకి వీలుంది. వీధి చివర తుక్కు కొట్టుకు ఇస్తే నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు, కానీ ఆ బండి ఆర్‌సీ రద్దు కాకుండా మీ పేరు మీదే బతికి ఉంటుంది.

తర్వాతి బండి: కొత్తదా, సెకండ్ హ్యాండా

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, పైన సెస్సు బదులు 18 శాతం అయింది. నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోలు, 1500 సీసీలోపు డీజిల్ అయితే ఇందులోకి వస్తాయి. కొత్తది చవకైనప్పుడు పాతదాని ధర కూడా ఆ మేరకు దిగాలి. రెండేళ్ళ పాత బండికి కొత్తదానికి దగ్గరగా అడుగుతుంటే కొత్తదే తీసుకోండి.

నా దృష్టిలో మధ్యతరగతి ఇంటికి సెకండ్ హ్యాండ్‌లో మంచి వయసు నాలుగు, అయిదేళ్ళు. బీమా వాళ్ళు బండికి కట్టే విలువ, ఐడీవీ లెక్కలోనే అయిదో ఏడు నడిచేసరికి విలువలో సగం కోత పడుతుంది. ఆ కోత మొదటి యజమాని భరించేశాడు, ఇంజిన్లో మాత్రం ఇంకా చాలా జీవం ఉంటుంది. కానీ సర్వీస్ బిల్లులు వరసగా లేని బండి ఎంత మెరుస్తున్నా వద్దు.

నడిపేది ఎక్కువగా ఊళ్ళోనే అయితే ఇప్పటి పొగ కాలుష్య ప్రమాణం బీఎస్6 ఉన్న డీజిల్ కొనకండి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కాసేపు హైవే వేగంలో నడవాలి. రోజూ స్కూలుకీ కూరగాయల మార్కెట్‌కీ మూడేసి కిలోమీటర్లు తిరిగితే అది పూడుకుపోతుంది, మార్చాలంటే బిల్లు భారీగా ఉంటుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగేవారికి డీజిల్ ఇప్పటికీ మంచిదే.

ఆటోమేటిక్ కావాలంటే ఏ రకమో అడగండి. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సుకే క్లచ్, గేరు మార్చే యంత్రం తగిలించడం. కొంచెం కుదుపు ఉంటుంది, ఖర్చు తక్కువ. టార్క్ కన్వర్టర్ క్లచ్ బదులు ఆయిల్‌తో పనిచేసే పాతకాలపు పద్ధతి, మైలేజీ కాస్త తక్కువైనా గట్టిది. డ్రై డ్యుయల్ క్లచ్ నడపడానికి హాయిగా ఉంటుంది, కానీ అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌లో ఇంచి ఇంచి కదులుతుంటే క్లచ్‌లు వేడెక్కుతాయి. వారంటీ లేకుండా దాన్ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవద్దని నా గట్టి సలహా.

వరద బండ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి, ఇళ్ళ ముందున్న కార్లతో సహా. అలాంటి బండి శుభ్రంగా పాలిష్ అయి ఇంకో జిల్లాలో అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, చివర్లో బురద గీత కనిపిస్తుంది. సీటు కింద పట్టాల బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ కింద చెమ్మ వాసన దాగవు. బీమా క్లెయిమ్ హిస్టరీ కూడా అడగండి.

ఆంధ్ర బండిని తెలంగాణకు తెచ్చినా, ఇటు నుంచి అటు తీసుకెళ్ళినా ఎన్‌ఓసీతో పాటు బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. విజయవాడలో చవగ్గా దొరికిందని సంబరపడే ముందు ఆ పన్ను కలిపి చూడండి.

ఎలక్ట్రిక్‌లో గాస్కెట్, టర్బో, క్లచ్, ఇంజెక్టర్ అన్న మాటే లేదు. చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్ళు, 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. 2024 నవంబరులో తెలంగాణ వీటికి రోడ్డు పన్ను మినహాయించింది. ఇంట్లో సొంత పార్కింగ్, ఛార్జింగ్ పాయింటు ఉండి రోజూ ఒకే దారిలో తిరిగేవారికి ఇది సరిపోతుంది.

బండే వద్దనుకుంటే

ఇదీ ఒక దారే. నెలకు నాలుగైదుసార్లకు మించి కారు తీయని ఇంట్లో, బీమా, సర్వీసు, పార్కింగ్, ఏటా తగ్గే విలువ కలిపి చూస్తే క్యాబ్‌లే చవకగా తేలుతాయి. ఊరికి వెళ్ళాలంటే రైలుంది. 2023 సంక్రాంతి నాడు మొదలైన సికింద్రాబాద్, విశాఖ వందేభారత్ ఎక్కితే విజయవాడ నాలుగు గంటల పైచిలుకే. పండక్కి పల్లెలో తిరగడానికి డ్రైవరుతో అద్దె బండి పెట్టుకోవచ్చు. మేమూ బండి అమ్మాక రెండు నెలలు అలాగే గడిపాం. తెల్లవారుజామున డయాలసిస్‌కు బుక్ చేసిన క్యాబ్ రెండుసార్లు క్యాన్సిల్ కావడంతో మాకది కుదరలేదు.

చివరికి అయిదేళ్ళ పెట్రోలు మాన్యువల్ బండి, 41,000 తిరిగింది, 4,60,000కు తీసుకున్నాం. అన్ని సర్వీస్ బిల్లులూ ఉన్నాయి, మొదటి యజమాని మా పక్క కాలనీ లెక్చరరు గారు. ఆ వారంలోనే కూలెంట్, ఆయిల్, బ్రేక్ ఆయిల్, బెల్టులు మార్పించి, రేడియేటర్ ఫ్యాన్ రెండు స్పీడులూ తిరుగుతున్నాయో లేదో నిలబడి చూశాను. రిపేర్ల కోసమని 40,000 విడిగా బ్యాంకులో వేసి ఉంచాం. ఈ మధ్య చాలా బండ్లలో టెంపరేచర్‌కు ముల్లు ఉండదు, బాగా వేడెక్కాక లైటు వెలుగుతుంది అంతే. ముల్లున్న బండే కావాలని వెతికి మరీ కొన్నాను.

మొన్న సంక్రాంతికి రాత్రి సూర్యాపేట దాటుతుంటే మా అత్తగారు వెనక సీట్లోంచి ముందుకు వంగారు.

"ముల్లు ఎక్కడుంది బాబూ?"

"సగం దగ్గరే ఉందండీ, చూడండి."

ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని ఒకసారి చూసి, వెనక్కి ఆనుకుని పిల్లల మీద దుప్పటి కప్పారు.